కుక్కపిల్ల పళ్ళు, పిలకాయల చేతులు: ఆటకొరుకుడు ఎలా మాన్పించాలి

కుక్కపిల్ల ఇంటికి వచ్చిన కొత్తలో ఒకటి రెండు రోజులు మూల వదిలి రాదు. పిలకాయలేమో దాని చుట్టూ చేరి ఏం పేరు పెట్టాలా అని కొట్లాడుకుంటుంటారు. ఇల్లు అలవాటయ్యాక కథ మారుతుంది. పాప పావడ అంచు పట్టి గుంజుతుంది. బాబు పరిగెత్తితే మడమ పట్టుకుంటుంది. సాక్సులు విప్పుతుంటే వేళ్ళ మీద పళ్ళు దిగుతాయి. వారం తిరిగేసరికి చిన్నది మంచం దిగనని ఏడుస్తుంది, పెద్దోడు కుక్కను తంతానంటాడు, అవ్వ "ఎక్కడ తెచ్చారో అక్కడే వదిలేసి రాండి" అంటుంది. మెడలో బెల్టుతోనే వీధిలో తిరుగుతున్న కుక్కను చూసినప్పుడల్లా నాకు ఇలాంటి ఇల్లే గుర్తొస్తుంది.

అక్కడిదాకా పోనక్కర్లేదు. రెండు నుంచి ఆరు నెలల కుక్కపిల్ల, పన్నెండేళ్ళ లోపు పిలకాయలు ఉన్న ఇంటి కోసం ఇది రాస్తున్నాను. ఒక మాట ముందే చెబుతా. పళ్ళు పడ్డాక మనం చేయగలిగింది తక్కువ. పడడానికి ముందు పది నిమిషాల్లో చేయగలిగింది చాలా ఉంది. కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఆ పది నిమిషాల గురించే.

అసలు ఎందుకు కొరుకుతుంది

కుక్కపిల్లకు చేతులు లేవు. ఏది మెత్తన, ఏది గట్టి, ఏది కదులుతుంది, ఏది అరుస్తుంది, అన్నీ నోటితోనే తెలుసుకుంటుంది. తోబుట్టువులతో ఆడేటప్పుడు కూడా నోటితోనే ఆడుతుంది. ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యోమని ఆట వదిలేసి పోతుంది. ఎంత గట్టిగా కొరికితే ఆట ఆగిపోతుందో అది అక్కడే నేర్చుకుంటుంది. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర కనీసం ఎనిమిది వారాలు ఉండాలనేది ఇందుకే. నెల రోజుల పిల్లను అమ్మేవాళ్ళు ఉన్నారు, చూడడానికి బొమ్మలా ఉంటుందని కొనేవాళ్ళూ ఉన్నారు. దయచేసి కొనకండి. ఇప్పటికే అంత చిన్నదాన్ని తెచ్చేసి ఉంటే, ఈ పాఠం మొత్తం మీరే నేర్పాలి కాబట్టి ఇంకొంచెం ఓపిక పట్టాలి.

పాలపళ్ళు మొత్తం 28. సూది మొనల్లా ఉంటాయి, అందుకే కొంచెం తగిలినా చర్మం లేస్తుంది. మూడున్నర, నాలుగు నెలలకు అవి ఊడడం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 పెద్దపళ్ళు వచ్చేస్తాయి. మధ్యలో చిగుళ్ళు సలుపుతాయి, ఏది దొరికితే అది నమలాలనిపిస్తుంది. అంటే మీ కుక్కపిల్ల చెడ్డది కాదు, పిచ్చిదీ కాదు. ఆ వయసు అలాంటిది. ఆటలో ఉన్నప్పుడు ముందు భాగం నేలకు వంచి, వెనక భాగం పైకెత్తి, ఒళ్ళంతా వదులుగా ఊపుతుంది. గుర్రుమంటుంది కూడా. ఆటలో గుర్రుమంటే కంగారు పడక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పిలకాయలు ఎలా కదులుతారో గమనించండి. పరిగెత్తుతారు, కీచుమంటారు, చేతులు గాల్లో ఊపుతారు, కుక్క దగ్గరికి రాగానే చేయి చటుక్కున వెనక్కి లాక్కుంటారు. కుక్కపిల్ల కళ్ళకు ఇదంతా "నన్ను పట్టుకో" అన్నట్టే. కొరుకుడులో సగం ఈ కదలికల వల్లే వస్తుంది. అందుకే ఒక్క కుక్కకే నేర్పితే చాలదు.

1. ముందు చోటు ఏర్పాటు చేయండి

మన ఇళ్ళల్లో పిలకాయలు నేల మీద కూర్చునే తింటారు, నేల మీదే హోంవర్కు రాస్తారు, చాప వేసుకుని పడుకుంటారు. అంటే వాళ్ళ ముఖం సరిగ్గా కుక్కపిల్ల నోటి ఎత్తులో ఉంటుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. పిలకాయలు నేల మీద ఉన్నంతసేపూ కుక్కపిల్ల వేరే చోట ఉండాలి. ఇంట్లో ఇంకే నియమం పెట్టకపోయినా ఈ ఒక్కటి పెట్టండి.

దీనికి పెద్ద ఖర్చేం లేదు. గది గుమ్మానికి అడ్డపలకగా మోకాలెత్తు ప్లైవుడ్ ముక్క పెట్టించండి. పెద్దవాళ్ళు దాటొచ్చు, కుక్కపిల్ల దాటలేదు. దానికి అవతల ఏం జరుగుతోందో వినబడుతుంది, వాసన తెలుస్తుంది, కాబట్టి తలుపు మూసేసినంతగా ఏడవదు. లోపల ఒక పాత దుప్పటి, నీళ్ళగిన్నె, నమలడానికి ఏదో ఒకటి. రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుంటే వంటింటి గుమ్మం దగ్గరో, వసారాలో ఒక మూలో సరిపోతుంది.

మిద్దె మీద వదిలేద్దాం అనుకోకండి. తిరుపతిలో ఎండాకాలం నలభై డిగ్రీలు దాటడం మామూలే. మిద్దె నేల సాయంత్రం అయిదు గంటలకు కూడా కాలుతూనే ఉంటుంది. కిటికీ చువ్వకు పొట్టి చైనుతో కట్టేయడం కూడా వద్దు. పక్క నుంచి పిలకాయలు పరిగెత్తిన ప్రతిసారీ అది చైను చివరిదాకా ఎగిరి ఎగిరి, విప్పగానే రెట్టింపు ఊపుతో మీద పడుతుంది.

అడ్డపలక ఇవతలికి వదిలినప్పుడు మెడ బెల్టుకు సన్నటి తేలికైన తాడు కట్టి వదిలేయండి. అది ఈడ్చుకుంటూ తిరుగుతుంది. అవసరమైతే మీరు తాడు చివర కాలితో తొక్కి ఆపొచ్చు, మెడ పట్టుకుని లాగే పని ఉండదు. ఎవరూ చూడనప్పుడు మాత్రం తాడు తీసేయండి, ఎక్కడైనా చిక్కుకుంటే ప్రమాదం.

2. నిద్ర సరిగ్గా ఉందా చూడండి

రెండు మూడు నెలల కుక్కపిల్ల రోజుకు పద్ధెనిమిది నుంచి ఇరవై గంటలు నిద్రపోవాలి. మన ఇళ్ళల్లో దానికి చాలాసార్లు అంత నిద్ర దొరకదు. కాలింగ్ బెల్లు, కుక్కరు విజిలు, టీవీ, మధ్యలో పిలకాయలు వచ్చి "లేచిందా, లేచిందా" అని చెవి పట్టి చూడడం. పెళ్ళింట్లో రాత్రి నిద్ర చెడిన పసిబిడ్డ ఎలా పేచీ పెడుతుందో ఇదీ అంతే. కాకపోతే ఏడవదు, కొరుకుతుంది.

ఒక గంట మెలకువ, తర్వాత రెండు గంటల దాకా నిద్ర అనే లెక్క పెట్టుకోండి. మెలకువలో తినడం, ఒంటికి పోవడం, కాసేపు ఆట, అంతే. కళ్ళు ఎర్రబడి, ఒక చోటు నుంచి ఇంకో చోటికి పిచ్చిగా పరిగెత్తుతూ, ఏం చెప్పినా వినకుండా గుడ్డలు పట్టి లాగుతోందంటే అది ఆట కాదు, నిద్ర మించిపోయింది. అప్పుడు ఏ శిక్షణా పనిచేయదు. అడ్డపలక వెనక పడుకోబెట్టి, లైటు తీసేసి, ఇల్లు నిశ్శబ్దం చేయండి. అయిదు నిమిషాల్లో నిద్రపోతే మీ ఊహ నిజమైనట్టే.

నిద్రపోయే కుక్కను ఎవరూ ముట్టుకోకూడదు. తినే కుక్కనూ అంతే. ఈ రెండు మాటలూ పిలకాయలకు రోజూ చెప్పండి, ఇంటికొచ్చే పక్కింటి పిలకాయలకు కూడా.

3. బడి వదిలే వేళ

కొరుకుడు గొడవలు చాలా వరకు సాయంత్రమే జరుగుతాయి. కుక్కపిల్లకు పొద్దంతా నిద్రపోయి సరిగ్గా సాయంత్రానికి ఊపు వస్తుంది. పిలకాయలు నాలుగున్నరకు బడి నుంచి ఆకలితో, అలసటతో, అరుపులతో ఇంట్లోకి దూకుతారు. రెండూ గుమ్మం దగ్గర ఎదురైతే ఏం కావాలో అదే అవుతుంది.

ఇలా చేసి చూడండి. బడి బస్సు రావడానికి పావుగంట ముందు కుక్కపిల్లను ఒంటికి తీసుకుపోయి తెచ్చి, అడ్డపలక వెనక పెట్టండి. నమలడానికి ఏదైనా ఇవ్వండి. పిలకాయలు వచ్చి బ్యాగులు పెట్టి, కాళ్ళు చేతులు కడుక్కుని, యూనిఫాం మార్చుకుని, ఏదైనా తినేదాకా కుక్క జోలికి పోకూడదు. పావడలు, చున్నీలు, రిబ్బన్లు, వేలాడే బెల్టులు లేని బట్టలు వేయండి. కొరికించుకునేది ఎక్కువసార్లు వేలాడే గుడ్డే, ఆ తర్వాతే చెయ్యి.

అప్పుడు కలపండి. మీరు నేల మీద కూర్చోండి. పిలకాయల్ని కుర్చీలోనో మంచం అంచునో కూర్చోబెట్టండి. కుక్కపిల్ల తాడు మీ చేతిలో ఉంచుకోండి. అది దగ్గరికి వస్తే మెడ పక్కన, ఛాతీ మీద నిమరమనండి. తల మీద తట్టనివ్వకండి, ముఖంలో ముఖం పెట్టనివ్వకండి, కౌగిలించుకోనివ్వకండి, ఎత్తుకోనివ్వకండి. మూడు లెక్కపెట్టేంతసేపు నిమిరి చెయ్యి తీసేయమనండి. కుక్కపిల్ల మళ్ళీ తనంతట తాను దగ్గరికొస్తే మళ్ళీ నిమరొచ్చు. రాకపోతే వదిలేయాలి. పది నిమిషాలు చాలు. ఇంకా బాగుంది కదా అని పొడిగిస్తే ఆ బాగుండడం పోయేదాకా పొడిగిస్తారు.

తర్వాత కుక్కపిల్లకు ఒక పని ఇవ్వండి. దాని సాయంత్రం తిండిలో ఒక పిడికెడు తీసి ఎండ దిగి చల్లబడ్డ నేల మీద చల్లండి. వాసన చూసుకుంటూ ఏరుకుని తింటుంది. చూడడానికి చిన్న పనే గానీ, పరుగు పందెం కంటే ఇది దాన్ని బాగా అలసిపోయేలా చేస్తుంది, ఊపు తగ్గిస్తుంది. టీకాలు పూర్తి కాని కుక్కపిల్లను రోడ్డు మీద నేలకు దించకండి. పార్వో జబ్బు అక్కడి మట్టిలోంచి, మురికిలోంచి అంటుకుంటుంది.

4. పిలకాయలకు "స్టాచ్యూ" నేర్పండి

స్టాచ్యూ ఆట తెలియని పిలకాయలు ఉండరు. దాన్నే వాడుకుందాం. కుక్కపిల్ల మీదికి ఎగిరినా, పళ్ళు పెట్టినా, వెనకబడి తరిమినా వాళ్ళు చేయాల్సింది ఇది: ఉన్నచోటే ఆగిపోవాలి. బడిలో టీచరు చెప్పినట్టు చేతులు కట్టుకోవాలి, వేళ్ళు చంకల్లోకి పోవాలి. పైన ఫ్యాను వైపు చూడాలి. నోరు మెదపకూడదు. పెద్దవాళ్ళు వచ్చేదాకా అంతే.

ముందు కుక్క లేకుండా ఆడించండి. నాయన నాలుగు కాళ్ళ మీద కుక్కలా వచ్చి పాప చుట్టూ తిరగాలి, పాప నవ్వకుండా స్టాచ్యూలా నిలబడాలి. పిలకాయలకు ఇది ఎంత నచ్చుతుందంటే మీరు వద్దన్నా ఆడతారు. రెండు మూడు రోజులు అలా అయ్యాక కుక్కపిల్ల అడ్డపలక వెనక ఉండగా ఆడించండి. చివరగా కుక్కపిల్ల తాడు మీ చేతిలో ఉండగా ఆడించండి. కదలని మనిషితో ఆట ఉండదు, రెండు మూడుసార్లు ఎగిరి అది పక్కకు పోతుంది. పోయిన వెంటనే పాపను మెచ్చుకోండి.

కింద పడిపోతే ఏం చేయాలో కూడా నేర్పాలి. మోకాళ్ళు పొట్టకు చేర్చి, ముఖం నేల వైపు పెట్టి, రెండు చేతులూ మెడ వెనక వేసుకుని ముడుచుకోవాలి. ఇది వీధికుక్కలు వెంటపడినప్పుడు కూడా పనికొచ్చే విద్య.

నాలుగేళ్ళ లోపు పిల్లలు ఆటలో బాగానే చేస్తారు, నిజంగా కొరికినప్పుడు మాత్రం అరిచి పరిగెత్తుతారు. అది వాళ్ళ తప్పు కాదు. ఆ వయసు పిల్లలున్న ఇంట్లో చేయి చాపితే కుక్క అందేంత దూరంలో పెద్దవాళ్ళు ఉండాలి. వంటింట్లోంచి తొంగి చూస్తే సరిపోదు. స్నానానికి పోవాలన్నా, గేటు దగ్గర పాలవాడితో మాట్లాడాలన్నా కుక్కపిల్ల అడ్డపలక వెనక్కి పోవాల్సిందే.

5. పళ్ళు పడినప్పుడు ఏం చేయాలి

ముందు చెయ్యి వెనక్కి లాగకండి. లాగితే చర్మం చీరుకుంటుంది, పైగా అది లాగుడు ఆట అనుకుంటుంది. చెయ్యి కదపకుండా ఉంచి, రెండో చేత్తో నమిలే వస్తువు దాని నోటి ముందుకు తెండి. అది అందుకోగానే మీ చెయ్యి బయటపడుతుంది. పావడో లుంగీయో పట్టుకుంటే గుడ్డను ఒంటికి దగ్గరగా బిగించి పట్టుకుని కదలకుండా నిలబడండి, గుంజకండి. అప్పటికీ వదలకపోతే ఉడికించిన కోడిగుడ్డు ముక్క ఒకటి ముక్కు దగ్గర పెట్టండి.

వస్తువు వదిలి మళ్ళీ చేతి మీదికే వస్తే, మెల్లగా "చాలు" అని, లేచి అడ్డపలక దాటి అవతలికి పొండి. ఇరవై, ముప్పై సెకన్లు చాలు. దాన్ని చూడకండి, మాట్లాడకండి. తిరిగి వచ్చి ఏమీ జరగనట్టు ఆట మొదలుపెట్టండి. మళ్ళీ కొరికితే మళ్ళీ అలాగే చేయండి. తోబుట్టువు ఆట వదిలేసి పోయినట్టే ఇది, దానికి బాగా అర్థమవుతుంది. మూడోసారి కూడా కొరికిందంటే అది నిద్ర వేళ.

కుయ్యోమని మీరే అరవాలని కొందరు చెబుతారు. కొన్ని పిల్లలు ఆగుతాయి, చాలా పిల్లలు ఆ శబ్దానికి ఇంకా రెచ్చిపోతాయి. పిలకాయలున్న ఇంట్లో ఎలాగూ కీచు అరుపులకు కొదవ లేదు. అందుకే నేనైతే అరవొద్దంటాను.

మూతి మీద కొట్టడం, నోరు గట్టిగా మూసి పట్టుకోవడం, వెల్లకిలా పడేసి అదమడం, చేతికి కారం రాసుకుని నోట్లో పెట్టడం, ఇవన్నీ మన చుట్టుపక్కల అందరూ ఇచ్చే సలహాలే. ఒక్కటీ చేయకండి. దెబ్బ తిన్న కుక్క మనిషి చేతికి భయపడడం నేర్చుకుంటుంది. గుర్రుమంటే కొడతారని తెలిస్తే గుర్రుమనడం మానేసి నేరుగా కరుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు కొడితే చూసి పిలకాయలూ కొడతారు. మీ ఎత్తు, బలం చూసి అది మీకు తగ్గొచ్చు, అయిదేళ్ళ పిల్లకు తగ్గదు.

ఇంట్లో అందరూ ఒకే తీరుగా ఉండాలి. అన్నిళ్ళల్లోనూ ఒక బాబాయో మామయ్యో ఉంటాడు, చెయ్యి కుక్క నోట్లో పెట్టి తిప్పి తిప్పి ఆడిస్తాడు, "దీనికి పౌరుషం ఉందిరా" అంటాడు. ఆయన చేతికి తోలు మందం, నొప్పి తెలియదు. రాత్రికి అదే ఆట పాప చేతితో ఆడుతుంది. ఆయనకు మర్యాదగానే, గట్టిగా చెప్పండి.

ఇలా రోజూ చేస్తే ముందు కొరుకుడులో బలం తగ్గుతుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు కొరుకుతుందన్నది తగ్గుతుంది. ఈ వరుస గుర్తుంచుకోండి. లేకపోతే రెండు వారాలకు "ఇంకా కొరుకుతూనే ఉంది" అని విసుగొస్తుంది, నిజానికి అప్పటికే పళ్ళు మెత్తగా పడుతుంటాయి.

6. నమలడానికి ఏమివ్వాలి, ఏమివ్వకూడదు

పాత నూలు తువ్వాలును మూడు పేలికలు చేసి, జడలా అల్లి, రెండు చివర్లా ముడేయండి. మూరన్నర పొడుగు ఉండాలి, అప్పుడే పిలకాయలు ఒక కొస పట్టుకుని నేల మీద ఈడ్చినా పళ్ళకూ వేళ్ళకూ మధ్య దూరం ఉంటుంది. దాన్నే తడిపి పిండి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే చిగుళ్ళకు హాయిగా ఉంటుంది. దారాలు ఊడిపోతుంటే పారేసి కొత్తది అల్లండి, మింగితే పేగుకు చుట్టుకుంటాయి. ఫ్రిజ్‌లో చల్లబడ్డ పెద్ద క్యారెట్టు కూడా బాగుంటుంది, మీరు పక్కనుండి చూస్తుండాలి. కుక్కల కోసం అమ్మే గట్టి రబ్బరు బొమ్మ ఒకటి కొంటే పెట్టిన డబ్బు వృథా కాదు.

పాత చెప్పు ఇవ్వకండి. పాత చెప్పుకూ కొత్త చెప్పుకూ తేడా దానికి తెలియదు. ఉడికిన కోడి ఎముకలు వద్దు, అవి సూదుల్లా విరిగి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. మామిడికాయల కాలంలో మన ఇళ్ళల్లో టెంకలు ఎక్కడబడితే అక్కడ పడుంటాయి. కుక్కపిల్ల చీకుతూ చీకుతూ మింగేస్తుంది, పేగులో అడ్డం పడితే ఆపరేషనే దిక్కు. టెంకలు తిన్న చోటే బుట్టలో వేయించి మూత పెట్టండి.

తిరుపతి వాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కొండ లడ్డులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి, కొన్ని కుక్కలకు కొద్దిగా తిన్నా చాలు. మన ఇళ్ళల్లో లడ్డు ఎప్పుడూ ఉంటుంది, పిలకాయలు తింటూ తిరుగుతూ రాలుస్తారు, ప్రేమగా కుక్కకూ ఇంత పెడతారు. ప్రసాదం పెట్టకపోతే పాపం అనుకునే అవ్వకు నెమ్మదిగా చెప్పండి. తిన్నట్టు తెలిస్తే వాంతులయ్యేదాకా ఆగకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. చాక్లెట్టు, ఉల్లిపాయ కూడా దానికి విషమే.

7. చుట్టాలు వచ్చినప్పుడు

తిరుపతిలో కాపురం ఉంటే దర్శనానికి వచ్చే చుట్టాలు తప్పరు. తెల్లవారుజామున రైలు దిగి, పిలకాయలతో సహా ఇంటికొస్తారు. ఆ పిలకాయలకు స్టాచ్యూ తెలియదు, మీ కుక్కపిల్లకు వాళ్ళు తెలియదు. గేటు చప్పుడు కాకముందే దాన్ని లోపలి గదిలో పెట్టేయండి. "ఏం చేయదులే, వదలండి" అని ఎవరు ఎంత బతిమాలినా, వాళ్ళు కొండకు బయల్దేరేదాకా ఉండనివ్వండి. చూపించాలనుకుంటే నిద్రలేచి, తిని, ఒంటికి పోయి వచ్చాక, తాడు పట్టుకుని, ఒక్కొక్కరికే చూపించండి.

8. చర్మం తెగితే

ఇక్కడ మాత్రం నా మాట పూర్తిగా వినండి. మన కుక్కే కదా, ఆటలోనే కదా, పాలపన్నే కదా అని ఊరుకోకూడదు. రేబిస్ లక్షణాలు మనిషిలో కనబడ్డాక బతకడం దాదాపు ఉండదు. కుక్కపిల్లల నుంచి కూడా అది వస్తుంది. మూడు నెలల లోపు కుక్కపిల్లకు రేబిస్ టీకా పడి ఉండదు. దాని తల్లి ఎక్కడిదో, ఏ వీధికుక్క దాన్ని కరిచిందో చాలాసార్లు మనకు తెలియదు.

గాటు పడిన వెంటనే కుళాయి తిప్పి, పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట సేపు కడగండి. పావుగంట అంటే గడియారం చూసి పావుగంట. ఏడ్చే పిల్లకు అది చాలా పొడుగ్గా ఉంటుంది, ఒడిలో కూర్చోబెట్టుకుని కథ చెబుతూ కడగండి. తర్వాత అయోడిన్ మందు ఉంటే రాయండి. పసుపు, సున్నం, కాఫీ పొడి, కారం, ఏదీ పెట్టకండి. కట్టు కట్టకండి. నేరుగా ఆసుపత్రికి పొండి. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రి, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. రేబిస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

రక్తం రాకుండా గీసుకుపోయినా టీకా అవసరం పడుతుంది. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం లోపలా చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్ క్రిమిని అడ్డుకునే మందు) ఇంజక్షను కూడా వేయాల్సి ఉంటుంది, దాని గురించి డాక్టర్ని మీరే అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకాను ఎక్కువగా చర్మం పొరలోనే, రెండు భుజాలకూ వేస్తారు. మొదటి రోజును సున్నాగా లెక్కపెడితే 0, 3, 7, 28 రోజుల్లో పోవాలి. కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచే కాలం ఎప్పుడో పోయింది, ఆ భయం పిలకాయలకు పెట్టకండి. పథ్యం కూడా ఏమీ లేదు. కుక్కను పది రోజులు గమనించాలి, నిజమే. కానీ గమనించాక టీకా వేయిద్దాం అనుకోకూడదు. టీకా మొదలుపెట్టి గమనించాలి. మీ కుక్కకు రేబిస్ టీకా పడి ఉన్నా సరే, ఆ కార్డు తీసుకుపోయి డాక్టరుకు చూపించండి, నిర్ణయం ఆయన్ని చేయనివ్వండి.

దీనికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. పిలకాయలు కాటును దాచిపెడతారు. తిడతారని, ఇంజక్షను వేస్తారని, అన్నిటికంటే మించి కుక్కను ఎవరికో ఇచ్చేస్తారని. అందుకే ముందే మాటివ్వండి: "కరిస్తే వెంటనే చెప్పు. నిన్ను తిట్టం, కుక్కనూ కొట్టం." ఆ మాట నిలబెట్టుకోండి. రోజూ స్నానం చేయించేటప్పుడు మోచేతుల వెనక, మడమల దగ్గర, పిక్కల మీద ఒకసారి చూడండి.

9. టీకాలు, పశువైద్యుడు

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు టీకాలు మొదలవుతాయి, కొన్ని వారాల తేడాతో మళ్ళీ వేస్తారు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు, ఆపైన ఏటా. నులిపురుగుల మందు కూడా మరవకండి, పిలకాయలు దాన్ని ముట్టుకున్న చేతుల్తోనే తింటారు. 1885లో జూలై 6న లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడికి తొలి రేబిస్ టీకా ఇచ్చాడు. ఆ తేదీన ఏటా జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బుల) దినం పేరిట మన పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. అప్పటిదాకా ఆగమని కాదు, డబ్బుకు ఇబ్బంది ఉన్నవాళ్ళు ఆ రోజును వదులుకోవద్దని చెబుతున్నా. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, దాని క్లినిక్‌లో కుక్కల్నీ చూస్తారు. ఇంత దగ్గర్లో పెట్టుకుని మనం ఎదురింటాయన సలహాలు వింటూ కూర్చోకూడదు.

ఇది ఆట కాదు అని ఎప్పుడు అనుకోవాలి

తిండిగిన్నె దగ్గరికి ఎవరైనా వస్తే ఒళ్ళు బిగదీసుకుని, కళ్ళు ఆర్పకుండా చూస్తూ గుర్రుమంటే. ఒంటి మీద ఒక్క చోటు, చెవో నడుమో తాకితేనే కరుస్తుంటే. అలాంటప్పుడు చాలాసార్లు అక్కడ నొప్పి ఉంటుంది. ఆట లేకుండా, పిలకాయలు కదలకుండా ఉన్నా వెతుక్కుంటూ వచ్చి కరిస్తే. ఏడు నెలలు దాటి, పెద్దపళ్ళు వచ్చేశాక కూడా బలం తగ్గకపోతే. ఇవేవి కనబడినా పశువైద్యుడికి చూపించండి, అప్పటిదాకా పిలకాయల్ని పూర్తిగా దూరం పెట్టండి.

ఉన్నట్టుండి కుక్కపిల్ల తీరు మారి, చొంగ కారుస్తూ, నీళ్ళు మింగలేక, గొంతు మారి అరుస్తుంటే, దవడ వేలాడుతుంటే, గొంతులో ఏదో ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టకండి. అవి రేబిస్ లక్షణాలు కావచ్చు. గదిలో పెట్టి తలుపేసి ముందు పశువైద్యుడికి ఫోన్ చేయండి. దాని నోటితో, చొంగతో తాకిన వాళ్ళందరూ ఆసుపత్రికి పోవాలి.

మామూలు అనుమానాలకు డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఫోన్లో వీడియో తీసుకుపొండి. క్లినిక్‌లో బల్ల మీద కుక్కపిల్ల భయంతో బిగుసుకుని బుద్ధిగా కూర్చుంటుంది, ఇంట్లో ఏం చేస్తుందో ఆయనకు కనబడదు. గిన్నె దగ్గర అది గుర్రుమనడం దూరం నుంచి తీయండి చాలు. ఆ వీడియో కోసం పిలకాయల్ని మళ్ళీ దాని దగ్గరికి మాత్రం పంపకండి.